రైతు ఖాతాలు పోయిన డిసెంబరు

గుడ్లవల్లేరు మెయిన్ రోడ్డు మీద, మేడపైన రెండు గదుల్లో మా ఆఫీసు. జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసే ఆఫీసు. మా సార్‌ని గుడివాడ నుంచి బందరు దాకా అందరూ ఆడిటర్ గారనే పిలుస్తారు. చుట్టుపక్కల బియ్యం మిల్లులు, ఎరువుల కొట్లు, రొయ్యల మేత డీలర్లు, పెడన కలంకారీ అద్దకం వాళ్లు, బందరు రోల్డ్‌గోల్డ్ పనివాళ్లు, వీళ్లందరి పద్దులూ మేమే రాస్తాం. నేను ఇక్కడే పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి ఆ ఆఫీసులో చేరాను. 2022 డిసెంబరులో మా కంప్యూటర్లకు జరిగినదీ, ఆ తర్వాత సరైన బ్యాకప్ పెట్టుకోవడానికి మేం పడిన యాతనా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చిన్న చిన్న ఆఫీసులు నడిపేవాళ్లకు పనికొస్తుందన్న ఆశతోనే రాస్తున్నాను.

ఆ రోజు డిసెంబరు 10, శనివారం. ముందు రాత్రి మాండూస్ తుపాను తమిళనాడులో మామల్లపురం దగ్గర తీరం దాటింది. మా దగ్గరా ముసురు పట్టింది. సార్వా కోతల కాలం. రోడ్ల మీద ఆరబోసిన ధాన్యాన్ని పట్టాలు కప్పి కాపాడుకోవడానికి రైతులు పరుగులు పెడుతున్నారు. మాకు మర్నాడు 11వ తేదీ, జీఎస్టీఆర్-1కి ఆఖరి గడువు. అందుకే తొందరగా వచ్చి, పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ తెరిచాను. కంపెనీల జాబితా ఖాళీగా ఉంది. ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి గానీ ప్రతి పేరు చివరా కొత్తగా నాలుగక్షరాల తోక తగులుకుని ఉంది. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. అందులో ఇంగ్లీషులో బేరం: మీ ఫైళ్లకు తాళం వేశాం, 980 డాలర్లు కడితే తాళంచెవి ఇస్తాం, 72 గంటల్లోపు మాట్లాడితే సగమే, 490.

స్టాప్ అనీ, డీజేవీయూ అనీ పిలిచే రాన్సమ్‌వేర్ అది. పెద్ద కంపెనీల మీద గురిపెట్టి వచ్చే రకం కాదు. దొంగ సాఫ్ట్‌వేర్‌తో పాటు, లైసెన్సు లేకుండా పనిచేయించే క్రాక్ ఫైళ్లతో పాటు ఇళ్లలోకీ చిన్న ఆఫీసుల్లోకీ వస్తుంది. మా ఏడు కంప్యూటర్లలో ఒకదానికి రిపేరు చేయడానికి వచ్చిన మనిషి అలాంటి పీడీఎఫ్ ఎడిటర్ ఒకటి ఎక్కించి వెళ్లాడు. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్‌లో ఒక డ్రైవును నెట్‌వర్క్‌లో పంచి, మిగతా అన్నిట్లోనూ జెడ్ డ్రైవుగా పెట్టుకున్నాం. ఒక కంప్యూటర్‌లో దూరింది ఆ జెడ్ డ్రైవు దారినే అందరి పనినీ తినేసింది. ఈ రకం వైరస్ ఫైలు మొత్తాన్ని మార్చదు. మొదటి 150 కిలోబైట్ల చిల్లర మాత్రమే చెరుపుతుంది. అయినా ఫైలు తెరుచుకోకుండా ఉండటానికి అదే చాలు.

బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. రోజూ సాయంత్రం ట్యాలీ ఫోల్డరు ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ అయ్యేది. ఆ డిస్క్ ఎప్పుడూ ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది. మా వైపు ఏ ఆఫీసుకెళ్లినా ఇదే పద్ధతి కనిపిస్తుంది. తినే గింజల గాదెలోనే విత్తనాల వడ్లూ పోస్తే, ఎలుక పడ్డ రోజున రెండూ పోతాయి. ఆ డిస్క్‌లోని ఫైళ్లకూ అదే తోక. విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులు కొన్ని ఉంటాయి. వైరస్ ముందుగా వాటినే తుడిచేసింది.

2017 మే 12న వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా చుట్టబెట్టినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయని పేపర్లో చదివాను. అది ఎక్కడో పెద్దవాళ్ల గొడవ అనుకుని పేజీ తిప్పేసిన వాళ్లమే అందరం.

ఆ పూట సార్ కుర్చీలో కూర్చుని మాట్లాడలేదు. డబ్బు కట్టేద్దామా అన్న ఆలోచన ఆయనకు వచ్చింది. 490 డాలర్లంటే అప్పటికి 40 వేల రూపాయల పైమాట. ఆ మొత్తం ఆయన భరించగలిగిందే. కానీ కట్టాక తాళంచెవి ఇస్తారన్న పూచీ ఎవరిస్తారు? బిట్‌కాయిన్ పుచ్చుకున్న ముక్కూమొహం తెలియని మనిషి మాట తప్పితే ఏ స్టేషన్‌కెళ్లి అడుగుతాం? నేను గట్టిగా వద్దన్నాను. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం.

యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో 'నో మోర్ రాన్సమ్' అని ఒక ప్రయత్నం మొదలుపెట్టారు. కొన్ని రకాల వైరస్‌లకు తాళంచెవులు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. మాకు పట్టిన రకానికి ఎమ్సీసాఫ్ట్ కంపెనీ 2019లో ఒక ప్రోగ్రాం చేసింది. దానికో మెలిక ఉంది. వైరస్ పనిచేసే సమయంలో ఇంటర్నెట్ అందకపోతే అది తనలో ఉన్న ఒకే తాళంతో అందరి ఫైళ్లూ మూస్తుంది. ఆ తాళంచెవి ఎవరికైనా దొరికితే మిగతావాళ్లకీ పనికొస్తుంది. ఇంటర్నెట్ అందితే మాత్రం ప్రతి కంప్యూటర్‌కూ వేరే తాళం. మనది ఏ రకమో తెలుసుకోవడానికి ఆ బెదిరింపు ఉత్తరం అడుగున ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాని చివర 'టి1' అని ఉంటే ఆశ ఉన్నట్టు. మా ఆఫీసులో అందరం ఒకే తెర ముందు గుమిగూడి ఆ చివరి రెండక్షరాల కోసం చూశాం. టి1 లేదు. వర్షంలోనూ మా ఫైబర్ నెట్ ఆగలేదు. ఆ రాత్రి ఆగి ఉంటే బాగుండేదని మా ఆఫీసు అబ్బాయిలు చాలాకాలం అనుకున్నారు.

విజయవాడలో ఒక షాపు వాళ్లు ఎలాగైనా తెరిచిస్తామని అడ్వాన్సు తీసుకున్నారు. వాళ్ల వల్లా కాలేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు. అది వేరే సంగతి.

ఇక తిరిగి రాయడం మొదలుపెట్టాం. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్నవి ముందు తెచ్చుకున్నాం. వేసిన జీఎస్టీఆర్-1లలో అమ్మకం బిల్లులు దొరికాయి. జీఎస్టీఆర్-2బీలో కొనుగోళ్లు దొరికాయి. ఈవే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చాయి. పన్ను లెక్క నిలబెట్టడానికి కష్టపడ్డాం గానీ నిలబడింది. 11వ తేదీ గడువు చాలామందికి దాటిపోయింది. ఆలస్య రుసుము సార్ తన జేబులోంచి కట్టారు.

పోర్టల్‌లో లేనిదే మమ్మల్ని కుంగదీసింది. రైతు దగ్గర కొన్న ధాన్యానికి రైతు జీఎస్టీ బిల్లు ఇవ్వడు. అది ఏ 2బీలోనూ కనిపించదు. మిల్లు ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాలు తీసుకుంది, తేమకు ఎంత కోశారు, గోతాలు ఎవరివి, ముందు ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత ఇవ్వాలి, ఇదంతా రైతు ఖాతా. అది మా ట్యాలీలో తప్ప ఇంకెక్కడా పూర్తిగా లేదు. కిందటి దాళ్వా తాలూకు బాకీలు కూడా కొన్ని అందులో నడుస్తున్నాయి. మిల్లు గుమాస్తాల దగ్గర చిట్టా పుస్తకాలున్నాయి. కానీ కంప్యూటర్ వచ్చాక వాళ్లు పైపైన రాసుకోవడం అలవాటైంది. బస్తాల సంఖ్య ఉంటుంది, ధర ఉండదు. పేరు ఉంటుంది, ఊరు ఉండదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు కౌతవరంలో ఇద్దరు, వడ్లమన్నాడులో ఒకరు.

రైతులకు కబురు పెట్టాం. కాటా చీటీలు ఏమైనా ఉంటే తెమ్మన్నాం. తెచ్చారు. పాలిథిన్ కవర్లో చుట్టి, బీరువాలో పట్టా పుస్తకం మధ్యలో దాచి తెచ్చినవాళ్లు ఉన్నారు. చొక్కా జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లవి చెమటకీ ఎండకీ తెల్లబారిపోయాయి. ఈ వేబ్రిడ్జి చీటీల కాగితం వేడికి నల్లబడే పూత ఉన్నది, కొన్నాళ్లకు అక్షరమే మిగలదు. ఒక కౌలు రైతు అలా తెల్లబడిపోయిన చీటీ నా ముందు పెట్టి, "చూడమ్మా, నువ్వు చదువుకున్నదానివి, కొంచెం చూసి చెప్పు" అన్నాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి అడ్డంగా పట్టాను, ఫోన్‌లో ఫొటో తీసి నలుపు పెంచి చూశాను. బండి నంబరులో రెండంకెలు తెలిశాయి. బరువు తెలియలేదు. ఆయనకు భూమి కాగితం లేదు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఆ పంట ఆయన పండించాడనడానికి ఉన్న ఒకే ఆధారం అది.

ఆయన ధాన్యం అమ్మిన మిల్లు యజమాని మంచివాడు. ఆ మనిషి చెప్పిన బస్తాలకే లెక్కకట్టమన్నాడు. అన్నిచోట్లా అలా జరగలేదు. ఒకరిద్దరు యజమానులు తమ దగ్గర కాగితం ఉన్న మేరకే ఇస్తామన్నారు. మా సార్ బతిమాలితే కొంత ఒప్పుకున్నారు, కొంత ఒప్పుకోలేదు. మాటలు పెరిగాయి. ఎవరిది నిజమో తేల్చగలిగే లెక్క మా చేతుల్లో ఉండేది, అదే పోయింది. సంక్రాంతికి ముందే రైతుకు డబ్బు కావాలి. పిల్లలకు బట్టలు, దాళ్వాకు నారుమడి, విత్తనం అన్నీ అప్పుడే. ఆ రోజుల్లో ఆఫీసు మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా మాకు గుండె దడదడలాడేది.

వ్యాపార లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. అది ప్రభుత్వానికి ఇవ్వాల్సిన లెక్క. రైతుకు ఇవ్వాల్సిన లెక్క దాచమని చట్టంలో అంత స్పష్టంగా ఎవరూ రాయలేదు. నా దృష్టిలో అదే ముందు దాచాల్సింది.

పండగ వెళ్లాక సార్ నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇంకోసారి ఇలా జరగకూడదు. ఏం కావాలో నువ్వే చెప్పు, కొందాం" అన్నారు. నేను చదివినంత చదివాను. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఎక్కడ చూసినా కనిపిస్తుంది: మూడు ప్రతులు ఉండాలి, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. దానికి నేను ఇంకొకటి కలుపుకున్నాను. పనిచేసే కంప్యూటర్‌కు తన బ్యాకప్‌ను చెరిపే అధికారం ఉండకూడదు. మా పాత యూఎస్‌బీ డిస్క్ పోయింది సరిగ్గా అక్కడే.

అందుకని కాపీలు నెట్టే పద్ధతి మానేసి, కాపీలు లాక్కునే పద్ధతి ఎంచుకున్నాను. మార్టిన్ రైబర్ అనే ప్రోగ్రామరు మొదలుపెట్టిన అర్‌బ్యాకప్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ప్రతి కంప్యూటర్‌లో ఒక చిన్న క్లయింటు పెడతాం. వేరే ఒక సర్వరు వేళకు వాటిని పలకరించి మారిన ఫైళ్లను తనలోకి తీసుకుంటుంది. సర్వరులో పంచిన ఫోల్డరంటూ ఏదీ ఉండదు. దాని పాస్‌వర్డు ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు. ఒక కంప్యూటర్‌కు వైరస్ పట్టినా, చెడిన ఫైలు కొత్త ప్రతిగా చేరుతుందే గానీ నిన్నటి మంచి ప్రతి చెరిగిపోదు. పాత కంప్యూటర్ ఒకదాన్ని దులిపి, 4 టెరాబైట్ల డిస్కులు రెండు పెట్టి, డెబియన్ లినక్స్ వేశాను.

చెప్పడానికి ఇంతే. పెట్టడానికి ప్రాణం మీదికొచ్చింది.

ఏడింటిలో నాలుగే సర్వరుకు కనిపించాయి. ఒకదానిలో యాంటీవైరస్ ఫైర్‌వాల్ 35621, 35622, 35623 పోర్టులను ఆపుతోంది, అవి తెరిస్తే కనిపించింది. వైఫై మీద ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు మాత్రం ఎంతకీ రాలేదు. సాఫ్ట్‌వేర్‌ను తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను. చివరికి తప్పు తీగలో ఉంది. ఫైబర్ రౌటరు నుంచి వచ్చిన తీగను రెండో వైఫై రౌటరు 'వాన్' రంధ్రంలో గుచ్చారు. దాంతో ఆఫీసులో తెలియకుండానే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఏర్పడ్డాయి. సర్వరు వేసే పిలుపు అవతలి గడప దాటదు. తీగను 'లాన్' రంధ్రంలోకి మార్చి, రెండో రౌటరు చిరునామాలు పంచడం ఆపేసరికి నిమిషంలో రెండూ కనిపించాయి.

తర్వాత వేగం. మొదటిసారి ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్నదంతా కాపీ కావాలి. మా స్విచ్ సెకనుకు 100 మెగాబిట్ల పాతది. అంటే సెకనుకు 11 మెగాబైట్లు దాటదు. 500 గిగాబైట్ల డిస్క్‌కు పన్నెండు గంటల పైనే. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. గిగాబిట్ స్విచ్ కొన్నాక ఒక్క కంప్యూటర్ మాత్రం పాత నడకే నడిచింది. దాని తీగను గోడ వెంట తడుముతూ పోతే, బీరువా వెనక దాన్ని ఎలుక కొరికి ఉంది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. నాలుగు బతికున్నాయి కనుక నెట్ వస్తూనే ఉంది. లోపం ఎవరికీ తెలియలేదు.

అన్నిటికన్నా కష్టమైంది మనుషుల అలవాటు. సాయంత్రం వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లడం మా ఆఫీసు ఆచారం. షార్ట్ సర్క్యూట్ భయం, కరెంటు బిల్లు భయం. రాత్రి బ్యాకప్ ఎలా జరుగుతుంది? సార్‌తో చాలా వాదించాను. చివరికి పగలు భోజనాల వేళ మారిన ఫైళ్ల కాపీ, వారంలో ఒక రాత్రి మాత్రం కంప్యూటర్లు ఆపకుండా ఉంచి డిస్క్ మొత్తం కాపీ అని ఒప్పందం అయింది. భోజనానికి లేచేటప్పుడు ట్యాలీ మూసేయాలి అన్న నియమం పెట్టాను. తెరిచి ఉన్న ఫైలును కూడా విండోస్ సాయంతో కాపీ చేయవచ్చు. కానీ సగంలో ఉన్న పద్దు సగంలోనే పట్టుబడుతుంది. "నీ చాదస్తం ఎక్కువైందే" అని ఆఫీసులో అక్కలు విసుక్కున్నారు. విసుక్కున్నా మూశారు.

ఇక వేరే చోటు సంగతి. సార్ ఇల్లు గుడివాడలో. వారం వారం ఒక డిస్క్ అక్కడికి పంపుదామన్నారు. మంచిదే, కానీ మన డెల్టాలో గుడివాడ వేరే చోటు కిందికి రాదు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైందో చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు. ఒకే తుపాను గుడ్లవల్లేరునూ గుడివాడనూ ఒకే రాత్రి తడపగలదు. అందుకని ఇంకో డిస్క్ నెలకోసారి హైదరాబాదులో సార్ కూతురింటికి వెళుతుంది. జనం పాన్, ఆధార్ నంబర్లు అందులో ఉన్నాయి కనుక డిస్క్ మొత్తానికీ పాస్‌వర్డు పెట్టాం. ఆ పాస్‌వర్డు కాగితం మీద రాసి సార్ ఇంటి బీరువాలో ఉంచాం. నాకేదైనా అయితే డిస్క్ ఉండి కూడా తెరవలేని పరిస్థితి రాకూడదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా చేలల్లో కోసిన వరి, కోయని వరి నీళ్లలో పడుకుంది. కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఎక్కువ ఓల్టేజీతో వచ్చింది. ట్యాలీ ఉన్న కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. మళ్లీ డిసెంబరే, మళ్లీ 11వ తేదీ ముందే. కొత్త కంప్యూటర్ తెచ్చి డిస్క్ కాపీ మొత్తాన్ని దించాం. అది లేవలేదు. పాత కంప్యూటర్ మొదలయ్యేది పాత బయాస్ పద్ధతిలో, కొత్తది మొదలయ్యేది యూఈఎఫ్ఐ పద్ధతిలో. రెండిటికీ పొసగలేదు. అప్పుడు విండోస్ కొత్తగా వేసి, ఫైళ్లు మాత్రం సర్వరు నుంచి దించుకున్నాం. ట్యాలీ లైసెన్సు కొత్త కంప్యూటర్ మీద మళ్లీ చేయించాల్సి వచ్చింది. అంతా అయ్యేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. కంపెనీల జాబితా తెర మీదికొచ్చాక నేను ముందు తెరిచింది ఒక మిల్లు రైతు ఖాతా. ముందురోజు మధ్యాహ్నం భోజనాల వేళ దాకా రాసిన ప్రతి పద్దూ ఉంది. ఆ మధ్యాహ్నం తర్వాత రాసినవి కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం. ఆ నెల రిటర్నులు గడువులోనే వెళ్లాయి.

2022లో పోయినవి పోయాయి. తెల్లబడిన చీటీల రైతుల్లో కొందరికి రావాల్సింది పూర్తిగా ఈ రోజుకీ రాలేదు.

మీ మిల్లు లెక్కలు, మీ కొట్టు లెక్కలు, మీ సొసైటీ లెక్కలు ఎవరో ఒకరు కంప్యూటర్‌లో రాస్తూ ఉంటారు. ఈ వారం వాళ్ల దగ్గరికి వెళ్లి రెండే అడగండి: రెండో ప్రతి ఏ ఊళ్లో ఉంది, దాన్ని వేరే కంప్యూటర్‌లో చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు. వాళ్లు ఇంకో డిస్క్ కొనమంటే ఖర్చని వెనకాడకండి. మీ దగ్గర ధాన్యం కాటా చీటీ ఉంటే ఈ రోజే ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి ఉంచండి.